నాలుగు వాద్యాలు, నాలుగు సాయంత్రాలు



శుభ శుక్రవారం నాటి మూడు గంటల ఆరాధన మన కుటుంబాలకు క్రొత్త కాదు. మధ్యాహ్నం పన్నెండింటికి మందిరంలో కూర్చుంటాము. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను, మాటకు ఒకరు చొప్పున, ఏడుగురు ప్రసంగికులు ధ్యానం చేయిస్తారు. మాటకూ మాటకూ నడుమ ఒక కీర్తన. అయితే నాలుగవ మాట దగ్గరకు వచ్చేసరికి ఏమి జరుగుతుందో మీకు తెలుసు. ప్రసంగికులు తమకిచ్చిన సమయం దాటిపోతారు, సంఘకాపరి గడియారం వైపు చూస్తారు, క్వయరు వారికి ఒక చీటీ వెళుతుంది. మూడు చరణాలు పాడవలసిన వారు ఒక చరణంతో కూర్చుంటారు. ఒకరు దిగి మరొకరు ఎక్కే లోపల పూరించవలసిన ఖాళీగా పాట మిగిలిపోయింది.

స్పెయిను దేశంలో కాదిజ్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడ కూడా ఏడు మాటల ఆరాధన ఉండేది. నేల క్రింద కట్టిన ఒక చిన్న మందిరంలో గోడలకు, కిటికీలకు, స్తంభాలకు నల్లబట్ట కప్పేవారు. నడుమ వ్రేలాడే ఒక్క పెద్ద దీపం తప్ప మరి వెలుగు లేదు. మధ్యాహ్నం తలుపులు మూసేవారు. బిషప్పుగారు వేదిక ఎక్కి మొదటి మాట పలికి, దానిని వివరించి, దిగివచ్చి బల్ల ముందు మోకరించేవారు. ఆయన మోకాళ్ళ మీద ఉన్నంతసేపు సంగీతం. మరల లేచి రెండవ మాట. ఆ సంగీతం కోసం వారు ఆస్ట్రియాలోని జోసెఫ్ హైడన్‌కు వ్రాశారు. 1787లో ఆ కూర్పు సిద్ధమైంది. నెమ్మదిగా నడిచే ఏడు భాగాలు, ఒక్కొక్కటి సుమారు పది నిమిషాలు, ఒకదాని వెంట ఒకటి, వినేవారికి విసుగు రాకుండా వ్రాయడం తేలికైన పని కాలేదని ఆయనే తరువాతి కాలంలో ముందుమాటలో చెప్పుకున్నాడు. మొదట వాద్యబృందం మొత్తానికి వ్రాసి, అదే సంవత్సరం నాలుగు వాద్యాలకు కుదించాడు. ఆ నాలుగు వాద్యాల కూర్పే ఈనాడు ఎక్కువగా వినబడుతున్నది.

అక్కడా రెండు ప్రసంగాల నడుమ వచ్చేదే ఆ సంగీతం. కాని దానిని ఖాళీగా ఎవరూ చూడలేదు. బోధించిన వ్యక్తి మోకాళ్ళూని వినవలసిన సమయం అది. ఈ నెల మా శీర్షికలో చెప్పదలచినదంతా ఈ ఒక్క తేడా గురించే. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల సంఘాలు కలిసి, వచ్చే డిసెంబరు నుండి శుభ శుక్రవారం వరకు నాలుగు సాయంత్రాలు చాంబర్ సంగీతానికి కేటాయించాలని మా ప్రతిపాదన. మీరు కాదనవచ్చు. కాదనే ముందు సంగతి పూర్తిగా వినండి.

చాంబర్ అంటే గది. పెద్ద సభకు, వందమంది వాద్యకారులకు కాకుండా, ఒక గదిలో ఇద్దరో నలుగురో ఎనిమిదిమందో కూర్చుని వాయించే సంగీతం ఇది. అందులో ముఖ్యమైనది స్ట్రింగ్ క్వార్టెట్. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. వయోలా చూడడానికి వయొలిన్ లాగే ఉంటుంది, కొంచెం పెద్దది, గొంతు బొంగురు. చెల్లో మోకాళ్ళ నడుమ నిలిపి వాయించేది, వయోలా కంటే ఒక స్థాయి క్రింద పలుకుతుంది. మన క్వయరులో సొప్రానో, ఆల్టో, టెనరు, బాస్ అని నలుగురిని విడదీసి కూర్చోబెట్టినట్టే అనుకోండి. చెయ్యి ఊపి నడిపించే నాయకుడు మాత్రం ఉండడు. మొదటి వయొలిన్ వాయించేవారు ఊపిరి పీల్చే తీరు చూసి మిగిలిన ముగ్గురు కమాను ఎత్తుతారు. ఒకరు తొందరపడితే దాచుకునే చోటు లేదు. మైకు లేదు.

ఈ మైకు లేకపోవడం మన ప్రాంతంలో చిన్న సంగతి కాదు. ఎల్.బి.నగర్ కూడలిలో విజయవాడ బస్సులు, సాగర్ రోడ్డు లారీలు, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల ముందు ఆటోలు, ఫంక్షన్ హాళ్ళ డి.జె.లు, మన మందిరాలలో ఎనిమిది స్పీకర్లు. మన పిల్లలు పుట్టినది మొదలు తీగనుండి నేరుగా చెవికి చేరిన నాదం విన్నది బహు తక్కువ. కీబోర్డులో తాళం ముందే నింపబడి ఉంటుంది, బటను నొక్కితే సరిపోతుంది. మేము కీబోర్డుకు విరోధులము కాము. అది లేకపోతే అనేక చిన్న సంఘాలలో పాటే ఉండదు. కాని దానితో వాయించడం నేర్చిన పిల్లవాడు ఎదుటివాడి కోసం ఆగడం నేర్చుకోడు. పెట్టె ఆగదు గనుక.

ఇక వయొలిన్ సంగతి. అది మనకు పరాయిది కాదు. సుమారు రెండు వందల సంవత్సరాల క్రిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక యూరోపియను వద్ద దీనిని నేర్చి, నేలమీద కూర్చుని వాయించేలా మన సంగీతంలోకి తెచ్చాడు. విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు దానికి కచేరీలో ప్రక్కవాద్యపు పీట నుండి నడుమ పీటకు మారే గౌరవం సంపాదించారు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, పాటపాటకూ పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. పందొమ్మిదవ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారి వంటి వారు ఈ దేశపు రాగాలలోనే ఆరాధన పాటలు కట్టారు. ఆ రాగం పేరు పైకి చదివి పాట ఎత్తుకునే సంఘాలు ఇప్పుడు ఎన్ని?

దిల్‌సుఖ్‌నగర్ నుండి కొద్ది దూరంలో, రాంకోఠీలో, త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చినవారు మన సంఘాలలో ఉన్నారు. ట్రినిటీ వంటి లండను పరీక్షలకు కట్టి గ్రేడు తరువాత గ్రేడు దాటిన పిల్లలూ ఉన్నారు. సర్టిఫికెట్లు ఫ్రేము కట్టి హాలులో వ్రేలాడదీసిన ఇళ్ళను మేము చూశాము. మంచిదే. కాని గ్రేడు పరీక్షలో పిల్లవాడు తన పాఠం తాను వాయించి వస్తాడు. మహా అయితే ప్రక్కన పియానో ఒకటి. తనవంటి మరి ముగ్గురితో కలిసి కూర్చుని, వారు ఏమి వాయిస్తున్నారో వింటూ, తన వంతు తగ్గించుకుని, ఇంకొకరి వంతు పైకి రానిచ్చి వాయించిన అనుభవం వానికి ఉండదు. పదవ తరగతి అయిపోతుంది. ఇంటర్మీడియట్‌లో చేరుతాడు, తెల్లవారుజామున స్టడీ అవర్లు, రాత్రి పదింటి వరకు స్టడీ అవర్లు. వయొలిన్ బీరువా మీదకు చేరుతుంది. ఆ తరువాత దానిని దింపడానికి ఒక కారణం కావాలి. ఎంట్రెన్సులో రాంకు వచ్చిన తరువాత కూడా ఎవరూ దింపరు, ఎందుకంటే దానిని ఎవరూ అడగరు.

కారణం కల్పించేదే సీజన్. ఒక కచేరీ వేరు, సీజన్ వేరు. ఒక కచేరీ అంటే ఎవరో వస్తారు, వాయిస్తారు, శాలువా కప్పించుకుని వెళ్ళిపోతారు. సీజన్ అంటే ఫలానా నెలలలో ఫలానా రోజుల్లో ఫలానా కూర్పులు వాయిస్తామని ముందుగా అచ్చువేసి ఇవ్వడం. మద్రాసులో 1927 డిసెంబరులో కాంగ్రెసు మహాసభతోబాటు సంగీత సమావేశం జరిగింది, మరుసటి సంవత్సరం మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది, ఈనాటికీ డిసెంబరు వస్తే అక్కడ మన తెలుగు కృతులు వినడానికి దేశదేశాల నుండి వస్తారు. ముంబయిలో 2006లో ప్రారంభమైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా సంవత్సరానికి రెండు సీజన్లు నడుపుతూ వచ్చింది. నాలుగు వాద్యాల విషయానికి వస్తే, వియన్నాలో 1804-05 శీతాకాలంలో షుప్పాన్‌జిగ్ అనే వయొలిన్ విద్వాంసుడు క్రొత్త పని చేశాడు. అప్పటివరకు ప్రభువుల ఇళ్ళలో వినబడిన క్వార్టెట్లను బయట జనులకు వినిపించడానికి ముందుగా చందాలు వసూలు చేశాడు. మనిషి బొద్దుగా ఉండేవాడు, స్నేహితుడైన బేతోవెన్ ఆ సంగతి మీద ఆటపట్టిస్తూ ఒక చిన్న పాట కూడా కట్టాడు. కాని ఆ చందా పద్ధతి నిలిచింది. ఈ పత్రికకు మీరు సంవత్సర చందా కట్టారు గదా, ఏ నెలలో ఏ వ్యాసం వస్తుందో తెలియకుండానే కట్టారు. అటువంటిదే.

ఇప్పుడు నాలుగు సాయంత్రాలలో ఏమి వాయించాలన్నది. ఇందులో మా ఇష్టాయిష్టాలు ఉన్నాయి, దాచము.

మొదటిది డిసెంబరులో, క్రిస్మస్‌కు రెండు వారాల ముందు. ఇటలీ దేశస్థుడు కొరెల్లి వ్రాసిన క్రిస్మస్ కచేరీ కూర్పు. ఆయన 1713లో మరణించాడు, మరుసటి సంవత్సరం అది అచ్చయింది. క్రిస్మస్ రాత్రి కోసం వ్రాసినదని దానిమీదే ఉన్నది. చివరి భాగంలో క్రింది స్వరం ఒకేచోట నిలిచి ఉంటుంది, పైన పాట ఊయల ఊగినట్టు సాగుతుంది. క్రిస్మస్ రోజుల్లో కొండల నుండి రోమా పట్టణానికి దిగివచ్చే గొఱ్ఱెల కాపరులు ఊదే తిత్తి వాద్యాలను తలపించే తీరు అది. మన తంబురా శ్రుతి ఎరిగిన చెవికి అందులో క్రొత్త ఏమీ తోచదు. మేము దీనిని మొదట పెట్టమనడానికి అసలు కారణం వేరు. ఈ కూర్పులో రెండు వయొలిన్లు, ఒక చెల్లో ముందు నిలిచి కష్టమైన వంతు వాయిస్తాయి, వెనుక మిగిలిన గుంపు తేలికైన వంతు వాయిస్తుంది. అంటే నాలుగవ గ్రేడులో ఆగిపోయిన అమ్మాయి కూడా వెనుక వరుసలో కూర్చోవచ్చు. బీరువాల మీద నుండి ఎన్ని వయొలిన్లు దిగుతాయో ఆ సాయంత్రం తెలుస్తుంది. పన్నెండు దిగితే పన్నెండూ కూర్చోవచ్చు. క్వార్టెట్‌లో ఆ వీలు లేదు.

రెండవది జనవరి 15. ఆ తేదీ సంక్రాంతి సెలవులలో పడుతుంది, ఊళ్ళకు పోయేవారు పోతారు, దానికి మేము చేయగలిగింది లేదు. ఆ తేదీనే ఎందుకంటే, 1941 జనవరి 15న జర్మనీలో గోర్లిట్జ్ దగ్గర ఒక యుద్ధఖైదీల శిబిరంలో ఒక కచేరీ జరిగింది. ఒలివియే మెస్సియాన్ అనే ఫ్రెంచి స్వరకర్త, ప్యారిస్‌లో ఒక దేవాలయపు ఆర్గను వాద్యకారుడు, అక్కడ ఖైదీ. అదే శిబిరంలో ఒక వయొలిన్, ఒక క్లారినెట్, ఒక చెల్లో వాయించేవారు ఉన్నారు. క్లారినెట్ వాయించిన ఆకోకా యూదుడు. బ్రూల్ అనే జర్మను కావలివాడు స్వరాలు వ్రాసుకునే కాగితాలు, పెన్సిళ్ళు తెచ్చి ఇచ్చాడు. ప్రకటన గ్రంథం పదవ అధ్యాయంలోని దేవదూతను మనసులో ఉంచుకుని మెస్సియాన్ ఎనిమిది భాగాల కూర్పు వ్రాశాడు. తాను పియానో ముందు కూర్చున్నాడు. వినడానికి ఐదువేలమంది వచ్చారని, చెల్లోకు మూడే తీగలు ఉన్నాయని ఆయన తరువాత చెప్పేవాడు. చెల్లో వాయించిన పాస్కియే మాత్రం నాలుగు తీగలూ ఉన్నాయనేవాడు. విన్నవారు కొన్ని వందలమంది. వందలైనా చాలు, ఆ చలిలో.

ఇందులో మన దక్కనుకు ఒక చుట్టరికం ఉంది. ఆ కూర్పు మొదటి భాగంలో పియానో వాయించే లయ మన దేశపు తాళాల నుండి తీసుకున్నది. మెస్సియాన్ వాటిని శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరంలోని పట్టిక నుండి నేర్చుకున్నాడు. ఆ గ్రంథం పదమూడవ శతాబ్దంలో దేవగిరి యాదవ రాజుల ఆశ్రయంలో పుట్టింది. దేవగిరి, అంటే దౌలతాబాదు, ఔరంగాబాదు ప్రక్కన ఉంది, 1956 వరకు ఆ జిల్లా మన హైదరాబాదు రాష్ట్రంలోనిదే. కూర్పు మొత్తం వాయించడం బహు కష్టం, అది మేము అడగము. ఐదవ భాగం చెల్లో, పియానోలకు మాత్రమే. ఎనిమిదవది వయొలిన్, పియానోలకు. రెండూ యేసు స్తుతిగా పేరు పెట్టినవి, రెండూ చాలా నెమ్మదివి. ఆ రెండు చాలు.

మూడవది ఫిబ్రవరిలో. మార్చి అయితే ఇంటర్ పరీక్షలు, ఏ తల్లీ ఇల్లు కదలదు. బేతోవెన్ 1825లో కడుపు జబ్బుతో మంచం పట్టి లేచి ఒక క్వార్టెట్ వ్రాశాడు. దాని మూడవ భాగానికి, స్వస్థత పొందినవాడు దేవునికి చెల్లించే పవిత్ర కృతజ్ఞతాగీతం అని అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. అప్పటికి ఆయనకు వినికిడి దాదాపు పోయింది. పాత దేవాలయ కీర్తనలా నిలిచి నిలిచి నడిచే ఒక వంతు, దాని తరువాత క్రొత్త బలం వచ్చినట్టు లేచే మరొక వంతు, మరల మొదటిది. పాత స్వరక్రమం ఒకటి ఎన్నుకున్నాడు, దాని స్వరాలు మన కల్యాణి స్వరాలే. రాగం అదే అని మేము అనడం లేదు, గమకం లేదు, సంచారం వేరు. స్వరాలు మాత్రం అవే.

మన ఇళ్ళలో ఎవరైనా పెద్ద జబ్బు నుండి లేస్తే కృతజ్ఞతా కూడిక పెడతాము. బంధువులను, సంఘస్థులను పిలిచి, ముందు గదిలో కుర్చీలు జరిపి చాపలు పరిచి, పాటలు పాడి, కాపరిగారితో ప్రార్థన చేయించి, భోజనం పెడతాము. బేతోవెన్ చేసినది ఆ కూడికే. గదిలో వాయించే సంగీతం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మేము ఇదే చెబుతాము. అయితే ఈ క్వార్టెట్ మన పిల్లల చేతికి అందేది కాదు. ఆ సాయంత్రానికి బయటనుండి విద్వాంసులను పిలవాలి, వారికి ఇవ్వవలసింది ఇవ్వాలి.

ఇవ్వడం గూర్చి ఇక్కడే చెప్పేస్తాము. మన సంఘాలలో ఒక అలవాటు ఉంది. వాయించినవారిని ముందుకు పిలిచి, శాలువా కప్పి, ఇదంతా దేవుని సేవ అని ప్రార్థించి పంపిస్తాము. సౌండు బాక్సుల వాడికి మాత్రం బిల్లు చూసి కడతాము. టెంటు వాడికి కడతాము. వయొలిన్ తీగల సెట్టు మంచిది కొనాలంటే వేలల్లో అవుతుంది, కమానుకు వెంట్రుకలు మార్చాలి, ఒక గంట కచేరీకి ఎన్నో సాయంత్రాలు కలిసి సాధన చేయాలి, ఆ సాయంత్రాలన్నింటికీ వారు ఉద్యోగాల నుండి, ట్యూషన్ల నుండి రావాలి. చందా డబ్బులో మొదటి భాగం వాద్యకారులకు. మిగిలితే టీ, బిస్కెట్లు. మిగలకపోతే టీ వద్దు.

నాలుగవ సాయంత్రం హైడన్ ఏడు మాటలు. మ్రానికొమ్మల ఆదివారం తరువాత, శుభ శుక్రవారానికి ముందు ఒక రాత్రి. మొదటి మూడూ హాలులో జరగాలి, ఇది మాత్రం మందిరంలోనే. మందిరంలో కచేరీలు ఏమిటని పెద్దలు అడుగుతారు, అడగడం న్యాయం. ఇది కచేరీ కాదు గనుకనే మందిరంలో అంటున్నాము. కాదిజ్‌లో చేసినట్టే, సంఘకాపరి ఒక్కొక్క మాట చదివి, రెండు మూడు నిమిషాలు చెప్పి, దిగి కూర్చోవాలి. రెండు మూడు నిమిషాలే. ఏడుగురు ప్రసంగికులు శుక్రవారం ఎలాగూ ఉన్నారు.

హైడన్ ఒక పని చేశాడు, అది తెలిస్తే మీ చెవి మరింత తెరుచుకుంటుంది. ప్రతి భాగం మొదట్లో వచ్చే పాట ఆ మాటకు లాటిను భాషలో ఉన్న అక్షరాలకు సరిగ్గా సరిపోతుంది. అచ్చు ప్రతిలో మొదటి వయొలిన్ స్వరాల క్రింద ఆ మాటలు వ్రాసి కూడా ఉన్నాయి. పాడేవారు ఎవరూ లేరు, మాట తీగ మీదే పలుకుతుంది. మన సంఘంలో పాత వయొలిన్ వాయించేవారు కీర్తన వాయిస్తుంటే పెదవులు కదలడం మీరు చూసి ఉంటారు. ఆ సంగతే ఇది. దాహమును గూర్చిన ఐదవ మాటలో మిగిలిన వాద్యాలు కమాను వదిలి వేళ్ళతో తీగను మీటుతాయి, చుక్క, చుక్క, చుక్క. పైన వయొలిన్ రెండే స్వరాలు, పైది, క్రిందిది. అంతకుమించి ఏమీ లేదు, ఎండిన నోటితో పలికినట్టు. వేసవి మొదలైన రోజుల్లో, ఫ్యాన్లు ఆపిన మందిరంలో అది వినడం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఏడవ మాట అయిన తరువాత వయొలిన్లు గొంతు తగ్గించుకుంటాయి. వెంటనే భూకంపం. మత్తయి సువార్తలో బండలు బద్దలైన సంగతి అది. గంటసేపు నెమ్మదిగా సాగినదంతా ఒక్కసారిగా పరుగెత్తుతుంది, నలుగురూ ఉన్న బలమంతా పెట్టి వాయించాలని పైన వ్రాసి ఉంటుంది. రెండు నిమిషాలలో ఆగిపోతుంది. చప్పట్లు కొట్టవద్దు. ఆమెన్ కూడా వద్దు. లేచి మౌనంగా వెళ్ళిపోవాలి.

మిగిలిన మూడు సాయంత్రాలలో చప్పట్లు కొట్టవచ్చు, ఎక్కడన్నదే సందేహం. ఒక కూర్పులో మూడో నాలుగో భాగాలుంటాయి, భాగం ముగిసినప్పుడల్లా కొట్టక, మొత్తం అయిన తరువాత కొట్టడం ఈనాటి ఆచారం. ఎవరైనా తెలియక మధ్యలో కొడితే తిరిగి కోపంగా చూడవద్దు. హైడన్ కాలంలో అందరూ అలాగే కొట్టేవారు. ప్రతి సాయంత్రం చివర ఒక ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఉండాలని మా కోరిక. దానికి పాశ్చాత్య పద్ధతిలో నాలుగు గొంతులు కట్టి రాగాన్ని నలపవద్దు. చెల్లో షడ్జమం, పంచమం పట్టి నిలవాలి, నేలమీద కూర్చున్న మన వయొలిన్ విద్వాంసుడు పాట నడపాలి, సంఘం పాడాలి.

ఎక్కడ అన్న ప్రశ్నకు, ప్రధాన రహదారి మీద ఉన్న హాలు ఎంత పెద్దదైనా పనికిరాదు. కాలనీ లోపలి సందులో నూట యాభైమంది పట్టే హాలు చాలు. చేతులు లేని నాలుగు కుర్చీలు, నాలుగు స్టాండ్లు, బట్టల క్లిప్పులు ఒక డజను. ఫ్యాను తిరిగితే స్వరాల కాగితాలు ఎగిరిపోతాయి, అందుకు. జనరేటరు కిటికీ క్రింద ఉండరాదు. తేదీలు ఖాయం చేసే ముందు ఒకరు పోయి ప్రక్క ఫంక్షన్ హాలులో ఆరోజు పెళ్ళి ఉన్నదా అని అడిగి రావాలి. మాఘమాసం ముహూర్తాలు ఎప్పుడన్నది క్రైస్తవ కమిటీ విచారించవలసి రావడం వింతగానే ఉంటుంది, అయినా బారాత్ బ్యాండు ముందు బేతోవెన్ నిలవడు.

ఇటువంటి సంగీతం కావాలంటే సికింద్రాబాదుకో బంజారాహిల్స్‌కో వెళ్ళవచ్చు గదా అంటారు. వెళ్ళండి, తప్పక వెళ్ళండి. 2018 సెప్టెంబరు 24న ఎల్.బి.నగర్ మెట్రో ప్రారంభమైన తరువాత రవీంద్రభారతి మనకు దూరం కాదు, అసెంబ్లీ స్టేషనులో దిగి నడవవచ్చు. 2020 ఫిబ్రవరి నుండి ఎం.జి.బి.ఎస్.లో మారి సికింద్రాబాదు వైపు పోవచ్చు. కాని రాత్రి తొమ్మిదికి ముగిసే కచేరీ నుండి అమ్మమ్మను, అయిదేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని తిరిగి రావడం ఎంతమందికి వీలు? మెట్రో రెండువైపులా నడుస్తుంది. విక్టోరియా మెమోరియల్ స్టేషనులోనో చైతన్యపురిలోనో దిగి అటువైపు వారు ఒకసారి మన హాలుకు రావచ్చు.

ఇంతకూ అన్నిటికంటే కష్టమైనది చందా కాదు, హాలు కాదు. వయోలా. వయొలిన్లు దొరుకుతాయి, చెల్లో వాయించేవారు నగరంలో ఒకరిద్దరైనా దొరుకుతారు. వయోలా వాయించేవారిని వెదకాలి. వయొలిన్ బాగా వచ్చినవారు ఎవరైనా పట్టుదలగా కొన్ని నెలలు కూర్చుంటే నేర్చుకోగలరు. చేతికి కొంచెం చాపు ఎక్కువ కావాలి, స్వరాలు చదివే గుర్తు వేరు. మీ ఇంట్లోగాని, బంధువుల ఇంట్లోగాని వయోలా ఉన్నా, నేర్చుకోవడానికి ఇష్టపడే వయొలిన్ విద్యార్థి ఉన్నా, అక్టోబరు నెలాఖరులోగా మీ సంఘ కార్యదర్శికి పేరు ఇవ్వండి. బీరువా మీద వయొలిన్ ఉన్నవారు పేరు ఇచ్చే ముందు ఒకసారి పెట్టె తెరిచి చూడండి. మన ఎండలకు కర్ర ఎండి బిరడాలు వదులై ఉంటాయి. తీగలు వదిలిపోయి ఉంటే మీరే బిగించబోకండి, తెలిసినవారికి చూపించండి.